కుడితి ముంత

మొన్న సాయంత్రం మనుమరాలిని తీసుకురావడానికి పటాన్‌చెరులో బడికి వెళ్లాను. పిల్లలు వరసగా కూర్చుని ఒక గ్లాసులోంచి ఇంకో గ్లాసులోకి నీళ్లు పోస్తున్నారు. చేతికి నిలకడ రావడానికి ఇదొక పాఠమని టీచరమ్మ చెప్పింది. నాకు నవ్వొచ్చింది. పందొమ్మిది వందల యాభైలలో, నా ఐదో ఏట, ఈ పాఠం నాకు సంగారెడ్డిలో మా దొడ్లోనే అయింది.

అప్పుడే తమ్ముడు పుట్టాడు. వాణ్ని ఎత్తుకోవాలని నా ప్రాణం కొట్టుకునేది. కానీ వాడు పుట్టిన రెండో రోజే, బాలింత కోసం కాచిన పాలు గడప మీద ఒలకబోశాను. అంతకు ముందు ఏమేం పగలగొట్టానో చెప్పుకోను. నాయనమ్మ కేకలు వేసే మనిషి కాదు. "నీ చెయ్యి నిలబడెదాక పోరన్ని ముట్టద్దు బిడ్డా" అన్నది, అంతే. గోడ వైపు తిరిగి ఏడ్చాను.

మర్నాడు చిన్న ముంత నిండా నీళ్లిచ్చి, వంటింటి నుంచి దొడ్లో నీళ్ల గోళెం దాకా తీసుకెళ్లి పొయ్యమంది. సగం నా లంగా మీదే పడ్డాయి. తర్వాతి రోజుకు నాకు తెలివి వచ్చింది. తలుపు చాటున రెండు గుక్కలు తాగేసి, చుక్క ఒలకకుండా తీసుకెళ్లాను. నాయనమ్మ నా తడి గడ్డం చూసింది. ఆ పై రోజు ముంతలో కుడితి పోసి, బర్రె దుడ్డెకు తాపి రమ్మంది. తవుడూ, బియ్యం కడిగిన నీళ్లూ, నిన్నటి గంజీ కలిసి పులిసిన ఆ వాసనకు తాగడం మాట అటుంచి, ఊపిరి తీయడమే కష్టం. ఒలికితే కాళ్ల నిండా ఈగలు. ముంత మీదే కళ్లు పెట్టి నడిచి, రోజూ గడప తన్నుకునేదాన్ని.

"ముంతను సూస్తే ముంత ఒలుకుతది. దుడ్డెను సూసుకుంట జెర మెల్లగ పో" అన్నది నాయనమ్మ ఓ రోజు. మెడ చాచి ఎదురుచూస్తున్న దుడ్డెను చూస్తూ నడిచాను. ఒలకలేదు.

ఇరవై ఒకటో రోజు తమ్ముణ్ని తొట్టెలలో వేసే వేడుక. చుట్టాలంతా వచ్చారు. వాణ్ని అందుకోవడానికి మేనత్త చేతులు చాచింది. నాయనమ్మ ఆమెను దాటొచ్చి వాణ్ని నా చేతుల్లో పెట్టింది.

"ఏందత్తమ్మా, పడేస్తది" అన్నది అమ్మ.

"పడెయ్యది."

తొట్టెల దాకా పది అడుగులు. చేతుల్లో వెచ్చగా ఉన్నాడు. వాడి మొహం చూడాలని ఎంత ఆశో. చూడలేదు. తొట్టెల తాడు మీదే కళ్లు పెట్టి గడప దాటాను. పడుకోబెట్టాకే చూశాను. హాయిగా నిద్రపోతున్నాడు.

ఇంటికొచ్చాక మనుమరాలు నా మొహమే చూస్తూ నిండు గ్లాసు నీళ్లు తెచ్చింది. అందుకోబోతే నా చేతులు వణికి సగం ఒళ్లో పడ్డాయి. "నానమ్మా, నువ్వు గూడ మా బడికి రా" అన్నది. ఇరవై రోజుల్లో నాయనమ్మ నిలబెట్టిన చేతులవి. వాటిని కదిలించడానికి కాలానికి డెబ్బై ఏళ్లు పట్టింది.