తడి అచ్చు

పదహారేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. చిన్నదే. ఒక్క మాట. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. బహుశా అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

నేను పెరిగింది రాయపూర్‌లో, రైల్వేవాళ్ల డబ్ల్యూఆర్ఎస్ కాలనీలో. నాన్న వ్యాగన్ల వర్క్‌షాపులో ఫిట్టరు. చెక్క మీద బొమ్మలు చెక్కి, సిరా పూసి కాగితం మీదికి దించడం నేర్చుకుని, ఆ పని మీదే పోలండ్ వెళ్లాను. ఎనిమిదేళ్లు అదే చేశాను. ఎవరూ పట్టించుకోలేదు. ఇనుముతో శిల్పం చేయాలనిపించింది. అక్కడ పోత పోయించే స్తోమత లేక, ఒక వానాకాలం ఇంటికి వచ్చాను.

మా వెనక వీధి సింహాచలం మావయ్య ఊరి బయట సిల్తారాలో ఒక ఫౌండ్రీలో పోత పోసేవాడు. యజమానిని ఆయనే ఒప్పించాడు. ఇసుకతో మనిషంత అచ్చు కట్టాం. రెండు రోజులు కుంపట్లు పెట్టి ఆరబెట్టమని నాకు అప్పగించి, ఆయన ఆరంగ్‌లో చుట్టాల పెళ్లికి వెళ్లాడు. రెండో రోజు వానకు రేకులు కారి అచ్చు ఒక పక్క తడిసింది. చేత్తో తాకాను. చల్లగా తగిలింది. ఇంకో రెండు రోజులు ఆగితే బొమ్మను పోలండ్ తీసుకెళ్లాల్సిన ఓడ వెళ్లిపోతుంది, అక్కడి ప్రదర్శన తప్పిపోతుంది. తప్పిపోతే ఏమయ్యేది? అప్పుడు నన్ను నేను అడగలేదు. తడి మీద పొడి ఇసుక చల్లాను.

మావయ్య వచ్చాడు.

"పక్కాగా ఆరిందేటమ్మా?"

"ఆరింది మావయ్యా."

"తడుంటే పేలిపోద్ది. మరోసారి సూడమంటావేటి?"

"అక్కర్లేదు. నేను చూశాను."

ఆయన నమ్మాడు.

పోత మొదలైన కాసేపటికి అచ్చు బుస్సుమంది. ఆ వెంటనే పేలింది. కరిగిన ఇనుము ఆయన ముఖం మీద పడింది. కుడి కన్ను పోయింది.

ఆస్పత్రి వరండాలో సూపర్‌వైజర్ కాగితం తీశాడు. అచ్చు చూసుకోకుండా పోశాడు, తప్పు సింహాచలానిదే అని రాశాడు. నేను రెండడుగుల దూరంలో నిలబడి ఉన్నాను. నోరు తెరవలేదు. ఆ కాగితంతోనే ఆయన పని పోయింది. భయపడ్డానా? భయమని ఇన్నాళ్లూ నాకు నేను సర్దిచెప్పుకున్నాను గానీ, నిజానికి ఆ క్షణంలో నేను ఆలోచిస్తున్నది ఆయన కన్ను గురించి కాదు, పగిలిన అచ్చులో బొమ్మ ఎంతవరకు మిగిలిందోనని.

మిగిలింది. ఒక పక్క చిరిగిపోయి. అలాగే పంపాను. ఆ చిరుగు చూసే నన్ను శిల్పి అన్నారు. ఇనుమే తన దారి వెతుక్కుందని పత్రికలవాళ్లకు చెప్పాను. ఆ తర్వాత దొరికిన ప్రతి పనీ ఆ చిరుగు పెట్టిన భిక్షే.

పోయిన చలికాలం మావయ్య ఇంటికి వెళ్లాను. చెప్పాలనే వెళ్లాను. అత్తయ్య టీ ఇచ్చింది. ఆయన మెడ పూర్తిగా తిప్పి, ఎడమ కంటితో నన్ను చూసి, "నీ పని బాగా సాగతందా?" అన్నాడు. సాగుతోందన్నాను. టీ తాగి వచ్చేశాను.

ఆయనకు తెలుసా? పోసే ముందు ఆ పొడి ఇసుక ఆయన కంట పడలేదా? తెలిసీ నా మాట మీదే పోశాడా? తెలియదు. అడగాలంటే ముందు నేను చెప్పాలి.

ఇక్కడ రాసేశాను. ఆయన ముందు కాదు, మీ ముందు. గుండెల మీద బరువు కాస్త దిగింది. ఆ తేలిక నాకు దక్కాల్సింది కాదని తెలుసు. అయినా దిగింది.