కుప్పమ్మ మేడ

మధ్యాహ్నం బేరం పల్చబడగానే కుప్పమ్మ కళ్లు మూయకుండానే కలలు కనేది. తిరుపతి బస్టాండు వీధిలో, కొత్త అంగళ్ల మేడ మెట్ల పక్కన పూలబుట్ట పెట్టుకుని కూర్చునేది. వేళ్లు వాటి పాటికి కనకాంబరాలు కడుతూ ఉండేవి. మనసు మాత్రం వెనకనున్న మేడలోకి పోయి ఫ్యాను కింద చాప పరుచుకునేది. ఎందుకంటే ఆ మేడలో ఆమెకూ భాగముంది. నిజంగానే!

డెబ్బై ఎనిమిదో సంవత్సరంలో, రిటైరైన గుమాస్తా దేవనాథన్ పదిమంది చేత తలా కొంత వేయించి ఆ మేడ కట్టించాడు. అంగళ్లు అద్దెకిచ్చి, వచ్చినది ఎవరి వంతు వాళ్లకు పంచుతాడు. మొగుడు పోయాక నగరిలో మిగిలిన ఇంటి జాగా అమ్మి, ఆ డబ్బుతో కుప్పమ్మ అందులో ఒక భాగం తీసుకుంది.

"పూలమ్ముకునేదానికి మేడ కావాల్సొచ్చెనా?" అని అక్క సుబ్బులమ్మ దులిపేసింది. దులిపితే దులిపింది, కుప్పమ్మ వింటే కదా!

"సామీ, ఇంతకీ నా భాగం యాడుండాది?" అని ఒకసారి దేవనాథన్‌ను అడిగింది.

"నీ భాగం ఈడ, ఆడ అని చూపించేదానికి లేదు కుప్పమ్మా. మొత్తంలో కలిసుండాది."

ఆమె పొంగిపోయింది. అయితే ప్రతి గోడలోనూ తను కొంత ఉందన్నమాట! ఆనాటి నుంచి పొద్దున్నే వచ్చి మెట్లు కడిగి ముగ్గేసేది. కొండ దిగి వచ్చిన యాత్రికులు మేడను తలెత్తి చూస్తే, తననే చూసినట్టు సిగ్గుపడేది. పిచ్చి మాలోకం! ఆ సంతోషం చూస్తే ఎవరికైనా ముచ్చటేసేది.

కొన్నాళ్లకు అద్దెకున్నవాళ్లు పేచీ పెట్టారు. ముందర కూర్చున్న బుట్టలవాళ్లు దారికి అడ్డమట. వాళ్లను లేపకపోతే తామే ఖాళీ చేస్తామన్నారు. దేవనాథన్ భాగస్తులందరినీ మిద్దె మీదికి పిలిచాడు.

కుప్పమ్మకూ కుర్చీ వేశారు, కాఫీ ఇచ్చారు. సాయంత్రపు వెలుగులో కొండ చెయ్యి చాస్తే అందేటట్టుంది. అంతా కలలాగే ఉందామెకు. కిందికి చూస్తే మెట్ల పక్కన తన బుట్ట కనిపించింది. ఆ చోటు పోతే రేపు పూలు ఎక్కడమ్మాలి, వంతుకొచ్చే ఆ కాస్త అద్దెతో ఏం తినాలి?

"బుట్టలవాళ్లను లేపేద్దామనేవాళ్లు చెయ్యెత్తండి," అన్నాడు దేవనాథన్. ఆమె తప్ప అందరూ ఎత్తారు. ఆయన ఆమె వైపు తిరిగి, "మీరేమంటారమ్మా?" అన్నాడు.

పుట్టి బుద్ధెరిగినాక ఆమెను 'మీరు' అన్నవాళ్లు లేరు. చెయ్యి దానంతటదే లేచింది.

మర్నాడు ఎదురు వరుసలో, నడినెత్తిన ఎండలో బుట్ట దించింది. రోజూ పూలు కొనే ఆనందమ్మ టీచరు ఆమెను వెతుక్కుంటూ వచ్చింది.

"ఇదేమి కుప్పమ్మా, ఎండలో కూసున్నావు? ఆడ వద్దన్నారా?"

"అవునమ్మా."

"ఎవురు వాళ్లు, వద్దనేదానికి?"

కుప్పమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది.

"మేమేనమ్మా," అంది.