పిల్లపడవ ముక్కుకు కట్టిన తాడు

1943 ఎండాకాలం మొదట్లో నన్ను బెంగళూరులోని ఒక పడవల వర్క్‌షాపుకు అసిస్టెంట్ డ్రాఫ్ట్స్‌మన్‌గా వేశారు. నా పైన హెడ్ డ్రాఫ్ట్స్‌మన్, ఆయన పైన సూపరింటెండెంట్ వరదరాజులు గారు. సముద్రం లేని ఊళ్లో పడవలేమిటని మా బంధువులు నవ్వేవారు. యుద్ధకాలంలో కలప, ఇనుము, పనివాళ్లు ఎక్కడ దొరికితే అక్కడే పని జరిగేది. పరీక్షించి చూడటానికి హలసూరు చెరువు ఉండనే ఉంది.

నాకు అప్పగించిన మొదటి పని ఒక టెండర్ ఎంపికలో సాయపడటం. పెద్ద లాంచి ఒడ్డుదాకా వస్తే బురదలో కూరుకుపోతుంది. అందుకని వెనకాల ఒక చిన్న పడవను తాడుతో లాక్కెళ్లి, లాంచికీ ఒడ్డుకూ మధ్య మనుషుల్ని దాంట్లో చేరవేస్తారు. దాన్నే టెండర్ అంటారు. మేము పిల్లపడవ అనేవాళ్లం. ఇది వెళ్లాల్సింది పడమటి తీరంలో ఉప్పుటేళ్ల వెంట ఊరూరా తిరిగే వైద్యపు లాంచికి. ఆ లాంచిని డాక్టర్ సుందరమ్మ గారు ఏళ్ల తరబడి అడిగి అడిగి సాధించుకున్నారు. అది కూడా ఒక్క సీజనుకే మంజూరు. కాన్పు కష్టమైన ఆడవాళ్లు లాంచిదాకా రాకపోతే దాన్ని సైన్యానికి ఇచ్చేస్తామని పైవాళ్లు ముందే చెప్పేశారు.

మా ముందు మూడు రకాలు ఉన్నాయి. మడిచిపెట్టుకునే కాన్వాసు పడవ తేలిక, కానీ దాని మెత్తని అడుగు మీద కాలు నిలవదు. తోలు కప్పిన గుండ్రటి హరిగోలు బరువు బాగా మోస్తుంది, లాంచి వెనక కడితే మాత్రం బొంగరంలా తిరుగుతుంది. మూడోది చెక్కపడవ. చదునైన అడుగు, మొండి ముక్కు, ఇసుకలో ఈడ్చినా ఓర్చుకునే ఒళ్లు. దాని లోపం ఒక్కటే. మోటారు పడవకు కట్టి లాగితే ముక్కు వంచి నీళ్లు తాగేది. బరువెక్కువని హెడ్ డ్రాఫ్ట్స్‌మన్, మోటారు వేగం ఎక్కువని మెకానిక్కు. ఎవరు పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. చెక్కపడవను పక్కన పెట్టేద్దామన్న మాట కూడా వచ్చింది.

వరదరాజులు గారిది ఒక పద్ధతి. ప్రయాణం చేయాల్సినవాళ్లు ఎక్కి చూడందే ఏ పడవ కాగితం మీదా ఆయన సంతకం పెట్టేవారు కాదు. తీరంలోని ఆడవాళ్లను అంత దూరం నుంచి రప్పించలేక, ఆ మాట మీద సుందరమ్మ గారు బెంగళూరులో తన దగ్గర చూపించుకుంటున్న మునెమ్మనూ, ఆమె అత్తగారినీ హొసకోట నుంచి పిలిపించారు. మునెమ్మకు ఏడో నెల. చెక్కపడవను మోకాటిలోతు నీళ్లలో నిలిపి, ముక్కు పైనున్న ఇనుప కడియం నుంచి గట్టుమీది గుంజకు తాడు బిగించాం. చిన్న పడవ పక్కనుంచి ఎక్కితే ఒరుగుతుంది, ముక్కు మీదుగానే ఎక్కాలి.

మునెమ్మ గట్టుదాకా వచ్చి ఆగిపోయింది. అత్తగారు ఆమె చెయ్యి పట్టుకుని వెనక్కి లాగింది.

“కడుపుతో ఉండాది బిడ్డ. కట్టేసిన తాడు దాటకూడదప్పా. దాటితే కాన్పు కష్టమైతాదంటారు మావైపు.”

మా వాళ్లలో ఒకరిద్దరు నవ్వు బిగబట్టుకున్నారు. తాడు విప్పేసి ఎవరైనా పడవను పట్టుకుంటే సరిపోతుంది కదా అన్నారు హెడ్ డ్రాఫ్ట్స్‌మన్. అక్కడి రేవుల్లో తెడ్డు వేసేవాడు తప్ప ఇంకో మనిషి ఉండడని వరదరాజులు గారు గుర్తుచేశారు.

అప్పుడు సుందరమ్మ గారన్న మాట నాకు ఇప్పటికీ వినిపిస్తూనే ఉంటుంది. “నొప్పులొచ్చిన మనిషిని గట్టుమీద నిలబెట్టి పాఠం చెప్పేదానికి నాకు టైముండదు సార్. అక్కడి ఆడవాళ్లు ఏం దాటతారో, ఏం దాటరో నాకు తెలియదు. దారిలో ఏదీ లేకుండా చేసియ్యండి.”

ఎంత ధైర్యమున్న మాట! సీజనంతా చేతుల్లోంచి జారిపోయేలా ఉన్నా ఆవిడ ఆ ముసలామెను ఒక్క మాట అనలేదు. వరదరాజులు గారు అంతకు తగ్గవారే. ప్యాంటు మడిచి నీళ్లలోకి దిగి, ముక్కు కింద, నీటిమట్టానికి కాస్త పైన సుద్దతో గుర్తు పెట్టారు. కడియం పైనుంచి ఊడదీసి అక్కడ బిగించమన్నారు. తాడు అంచు మీదికి రాకుండా కిందినుంచే, ఎక్కే దారికి పక్కగా ఉన్న గుంజకు పోతుంది. కడియం వెనక, పడవ లోపలివైపు గట్టి చెక్క వేసి ఆ పని చేయడానికి మధ్యాహ్నమైంది. అత్తాకోడళ్లు నీడన కూర్చుని ఓపిగ్గా చూశారు.

అత్తగారే ముందు వచ్చింది. వంగి ముక్కు కింద చూసింది, తాడు ఎటు పోతోందో చూసింది, అంచు మీద చెయ్యి పెట్టి తడిమింది.

“ఇప్పుడు బాగుండాది. రామ్మా, కుడికాలు పెట్టు.”

మునెమ్మ ఎక్కి కూర్చుంది. పడవ ఒరగలేదు.

వాళ్లను దింపాక అదే పడవను మోటారు వెనక మళ్లీ కట్టాం. లాగుడు కిందినుంచి పడేసరికి ముక్కు పైకి లేచింది. లోపల ఒక్క చుక్క నీరు పడలేదు. హెడ్ డ్రాఫ్ట్స్‌మన్ తానే నవ్వేసి, ఒక్క దెబ్బకు రెండు పిట్టలన్నారు. సాయంత్రానికి సంతకం అయింది.

సీజను ముగిశాక లాంచి సైన్యానికి పోలేదు. ఆడవాళ్లు వస్తున్నారని, మరో పిల్లపడవ కావాలని సుందరమ్మ గారి దగ్గర్నుంచి కబురొచ్చింది. దాని బొమ్మ గీసే పని నాకే ఇచ్చారు. కాగితం మీద ముందుగా ఎక్కే మనిషి పాదం పడే చోటు గుర్తుపెట్టి, ఆ తరువాత పడవ గీశాను. ఉద్యోగం విరమించేదాకా అదే వరస పాటించాను. మనిషి ఎక్కని పడవ తేలినా ఒకటే, మునిగినా ఒకటే.