అమ్మ మాటలు టైపు చేసిన సాయంత్రాలు

పోయిన వారం మా ఆదోని ఇంటికి టెలిఫోను తీగ తీసేశారు. ఆ ఫోను మోగి చాలా ఏళ్లయింది, నేను దాన్ని ఎత్తి కూడా అంతే కాలమయింది. వీధిలో పాత తీగలన్నీ చుట్టుకుపోతున్న మనిషి మా ఇంట్లోకి వచ్చి, బల్ల మీద తీగ చివర దుమ్ము పట్టి ఉన్న చిన్న నల్లపెట్టెను చూసి, "ఇదేంటిదన్నా, ఫోను గాదే, దీన్ని గూడా పీకేయల్లా?" అని అడిగాడు. వద్దప్పా, అది నాది, ఉండనీ అన్నాను. అతను తీగ తెంపుకుని తన దారిన పోయాడు. నేను ఆ పెట్టెను తుడిచి చేతిలో పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. నా వయసు వాళ్లకు గుర్తుండే ఉంటుంది, దాన్ని మోడెమ్ అనేవాళ్లం. మనం కంప్యూటరులో కొట్టిన అక్షరాలను ఈలలుగా, గరగరలుగా మార్చి ఫోను తీగలోకి పంపితే, అవతలి కొసన ఇంకొక మోడెమ్ ఆ చప్పుళ్లను మళ్లీ అక్షరాలు చేసేది. ఇంటర్నెట్టు మా ఊరి పొలిమేర తొక్కకముందే నేను అలాంటివి రెండు సంపాదించాను. వాటితో నేను చేసిన పని ఒక్కటే, మా అమ్మను మా అక్కతో మాట్లాడించడం.

అప్పట్లో నేను ఒక పత్తి షావుకారు గారి ఆఫీసులో పనిచేసేవాణ్ణి. ఆదోనిలో ఎవరి బతుకు చూసినా ఏదో ఒక కొసన పత్తికి ముడిపడే ఉండేది. జిన్నింగు మిల్లుల నుంచి ఎగిరిన దూది కాలవల అంచున తెల్లగా పేరుకునేది. నేను మొట్టమొదటిసారి ఒక కంప్యూటరు మూత విప్పినప్పుడు లోపలి ఫ్యానుకు చుట్టుకుని ఉన్నది కూడా ఆ దూదే. షావుకారు గారు కొత్త కంప్యూటరు తెప్పించుకుని పాతదాన్ని మూలన పడేస్తే, అడిగి ఇంటికి తెచ్చుకున్నాను. ఇక ఆదివారం వస్తే బళ్లారి బస్సెక్కి పాత సామాన్ల అంగళ్లలో కేబుళ్లూ డిస్కులూ ఏరుకోవడం, ఇంటికొచ్చి మెమరీ పట్టీని బయటికి తీసి దాని పళ్లను బడిపిల్లలు వాడే రబ్బరుతో రుద్ది మళ్లీ గుచ్చడం, చచ్చిందనుకున్నది బీప్‌మని లేచి కూర్చుంటే ఒక్కణ్ణే నవ్వుకోవడం, ఇదే నా లోకమైంది. ఆ సంతోషం చెప్పుకుందామంటే అర్థమయ్యే మనిషి ఊళ్లో ఒక్కరూ లేరు. పెళ్లి చేసుకోలేదు. ఎందుకని అడిగేవాళ్లు కూడా అప్పటికి అడగడం మానేశారు. నాన్న ఎప్పుడో పోయాడు. ఇంట్లో నేనూ, అమ్మా. అమ్మ మంచం మీద కూర్చుని, ఆ పెట్టెతో అంతసేపు ఏం మాట్లాడతావప్పా అని నిజంగానే జాలిపడేది.

అక్క నాకంటే పెద్దది, ఎమ్మిగనూరులో ఉండేది. బావ మగ్గాల పనిలో ఉండేవాడు. రెండో కాన్పు తర్వాత పుట్టింటికి వచ్చి ఉన్నప్పుడు అక్కకు జ్వరం తగిలి, అది మెదడుకు ఎక్కి, ప్రాణం దక్కింది గానీ వినికిడి పూర్తిగా పోయింది. నోరు పోలేదు. మొదట్లో మామూలుగానే మాట్లాడేది, కానీ తన గొంతు తనకు వినబడదు కాబట్టి బిగ్గరగా వచ్చేది, ఎదుటివాళ్లు ఉలిక్కిపడేవాళ్లు, పిల్లలు నవ్వేవాళ్లు, అది చూసి చూసి మాటే తగ్గించేసింది. ఆమె ఇంట్లో ఒక పలక ఉండేది. చెప్పాల్సింది దాని మీద రాసి చూపించేవాళ్లు. పాలవాడు వచ్చాడనీ, పిల్లకు ఒళ్లు వెచ్చగా ఉందనీ, అవసరమైన మాటలే పలక మీదికి ఎక్కేవి. ఊసుపోక మాట్లాడుకునే మాటలు ఎవరూ రాయరు గదా. పక్కింటావిడ చీర గురించీ, సంతలో కనబడిన చిన్ననాటి స్నేహితురాలి గురించీ ఎవరూ సుద్ద అరగదీసుకోరు. అక్క చుట్టూ అందరూ ఉన్నా ఆమెతో కబుర్లు చెప్పేవాళ్లు లేకుండా పోయారు. అమ్మ పరిస్థితి ఇంకా అన్యాయం, ఆమెకు చదువు రాదు. అక్క వస్తే ఇద్దరూ ఒకరి చేయి ఒకరు పట్టుకుని కూర్చునేవాళ్లు, కాసేపటికి ఏదో పని ఉన్నట్టు చెరొక గదిలోకి పోయేవాళ్లు. తర్వాత అమ్మకు మోకాళ్లు పట్టేసి బస్సెక్కడం మానేసింది. అక్క కూడా రావడం తగ్గించింది. ఇద్దరి ఇళ్లకూ ఫోన్లు వచ్చిన ఏడాది అందరూ మురిసిపోయారు గానీ, మా ఇంట్లో మాత్రం ఆ ఫోనును చూస్తే అమ్మ ముఖం తిప్పుకునేది.

ఆఫీసులో మూలనపడ్డ మోడెమ్ చేతికి రాగానే నాకు తోచింది ఇదే. రెండోదాన్ని బళ్లారిలో వెతికి పట్టుకున్నాను. నా దగ్గరున్న ముక్కలన్నీ కలిపి అక్క కోసం ఒక కంప్యూటరు నిలబెట్టి, దాని తెరను బొంతలో చుట్టి ఒళ్లో పెట్టుకుని ఎమ్మిగనూరు బస్సెక్కాను. దారిపొడుగునా, టీవీనా అన్నా, రంగులదేనా అన్నా అని అడుగుతూనే ఉన్నారు, నేను తలాడిస్తూనే ఉన్నాను. బావ ఆ సామాను చూసి, "ఇదంతా ఎందుకప్పా ఆమెకు, ఊరికే కరెంటు దండగ" అన్నాడు. అక్క మాత్రం నేను ఏ తీగ ఎక్కడ గుచ్చుతున్నానో చూస్తూ నా పక్కనే కూర్చుంది. ఇంటరు దాకా చదివింది కాబట్టి ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు రాయడం ఆమెకు కష్టం కాలేదు. దీపాలు పెట్టే వేళకు కంప్యూటరు వేసుకుని కూర్చో, నేను ఫోను చేస్తానని పలక మీద రాసి చూపించి, ఆ సాయంత్రానికే ఆదోని చేరుకున్నాను.

ఇంటికి వచ్చి కంప్యూటరు చేత నంబరు కలిపించాను. మోడెమ్ ఈల వేసింది, గరగరలాడింది, తర్వాత నిశ్శబ్దమై దీపం నిలకడగా వెలిగింది. అక్కకు ఫోను మోగడం వినబడదు, కానీ ఆమె తెర మీద ఫోను మోగుతోందన్న మాట అక్షరాల్లో కనబడింది. మొదట ఏవో పిచ్చి గుర్తులు వచ్చాయి. తర్వాత ఒక్కొక్క అక్షరమే నడిచి వచ్చింది. "కనపడల్యా, నేను కొట్టేది నాకు కనపడల్యా" అని వరసబెట్టి కొడుతోంది పాపం. ఆమె కొట్టినవి నాకు చేరుతున్నాయి, ఆమె తెర మీద మాత్రం పడటం లేదు, ఆ సర్దుబాటు చేయడం నేను మర్చిపోయాను. నీవి నాకు కనపడుతున్నాయక్కా, కొట్టు, ఆపొద్దు అని రాశాను. జవాబు వచ్చింది: "నిజంగానే ఆదోని నుంచి కొడతాండావా నువ్వు?"

నేను అమ్మను పిలిచి పక్కన కుర్చీ వేశాను. అక్క ఉందమ్మా ఇందులో, ఏం చెప్పమంటావో చెప్పు అంటే, ఆమె తెరను చూసి, నన్ను చూసి, చెంగుతో మొహం తుడుచుకుని, "పిల్లకు దగ్గు తగ్గిందంటనా అడుగప్పా. ఆ మిరియాల కషాయం తాపమని మొత్తుకుంటి గదా, తాపిందో, వాళ్లత్త మాట విని ఊరుకుండెనో" అంది. నేను మర్యాదగా, పిల్లకు దగ్గు ఎలా ఉందని అమ్మ అడుగుతోంది అని కొట్టాను. అక్క నుంచి వచ్చిన జవాబు నేను ఈనాటికీ మరిచిపోలేదు. "ఇది నీ మాట. అమ్మ ఇంతే అనదు. అమ్మ ఎట్లంటే అట్లే కొట్టు." సరేనని అత్తతో సహా మొత్తం కొట్టాను. అవతల నుంచి నవ్వు రాదు గదా, హహ అని రాయడం ఇంకా ఎవరికీ తెలియదు. ఆమె మాత్రం, "నవ్వుతాండా. అమ్మకు సెప్పు, నేను నవ్వుతాండానని" అని రాసింది.

ఆనాటి నుంచి మా ఒప్పందం అదే. అమ్మ అన్నది అన్నట్టే కొట్టాలి, అక్క రాసింది రాసినట్టే చదవాలి, నా సొంత మెరుగులు పెట్టకూడదు. ఆఫీసు నుంచి రాగానే కాళ్లు కడుక్కుని కూర్చునేవాణ్ణి. వాన పడితే తీగల్లో తడి చేరి అక్షరాల మధ్య చెత్త వచ్చేది, కరెంటు పోతే మాట సగంలో తెగిపోయేది. అయినా అమ్మ రోజంతా మాటలు పోగేసుకుని సిద్ధంగా ఉండేది. కౌతాళంలో తన చెల్లెలు చేసిన పెళ్లి గురించీ, మా వీధి కొళాయి దగ్గర జరిగిన తగాదా గురించీ, తనకు ఎవరి మీద కోపమో దాని గురించీ చెప్పి చెప్పి నా వేళ్లు నొప్పి పుట్టించేది. త్వరలోనే ఇద్దరూ పోట్లాడుకోవడం కూడా మొదలుపెట్టారు. అమ్మ తిట్లను నేను కొట్టడం, అక్క ఎదురు తిట్లను అమ్మకు నేను చదవడం. మధ్యలో నేను నవ్వితే అమ్మ, "నువ్వెందుకు నవ్వుతావు, కొట్టు" అని కసిరేది.

ఒక సాయంత్రం అమ్మ ఏమీ చెప్పకుండా చాలాసేపు కూర్చుంది. అవతల అక్క, ఉండారా, ఉండారా అని అడుగుతోంది. అప్పుడు అమ్మ తెర వైపు కాకుండా గోడ వైపు చూస్తూ మొదలుపెట్టింది.

"కొట్టప్పా. ఆ పొద్దు నీకు జరమొచ్చినప్పుడు మీ తమ్ముడు బళ్లారి పెద్దాసుపత్రికి పోదామనె. నేనే, అమాస దాటినాక పోదాములే అంటి. ఆ పొద్దే పోయింటే నీ సెవులు నిలిసేటివేమో. ఈ మాట నీకు ఎట్ల సెప్పల్లో తెలీక ఇన్నేండ్లు కడుపులోనే పెట్టుకోనుండా. కొట్టు, అంతా కొట్టు."

కొట్టాను. లైను తెగిందేమోనని మోడెమ్ వైపు చూశాను, దీపం వెలుగుతూనే ఉంది. అమ్మ, ఏమంటాందిరా, ఏమంటాందిరా అని నా భుజం కుదుపుతోంది. చివరికి అక్షరాలు వచ్చాయి.

"నిజమేమా. నాకు తెలుసు ఆ సంగతి, జరంతో పండుకోని అంతా వింటి. శానా దినాలు నీమీద కోపం పెట్టుకోనింటి. అందుకే రావడం గూడా తగ్గించినా. ఇప్పుడు నువ్వే సెప్తివి గదా. ఇంగ కోపం లేదు, పో."

ఆ క్షణంలో ఒప్పందం తప్పాలని నాకెంత అనిపించిందో చెప్పలేను. నీ తప్పేం లేదమ్మా అంటోంది అని చదివితే సరిపోయేది, అమ్మకు తెలిసే దారే లేదు. కానీ ఇన్నాళ్లూ అమ్మ మాటను అక్క నమ్మిందీ, అక్క మాటను అమ్మ నమ్మిందీ మధ్యలో నేనున్నానన్న ధైర్యంతోనే గదా. ఉన్నది ఉన్నట్టు చదివాను. అమ్మ కుర్చీలోనే వంగి, చెంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. అలా ఏడవడం నాన్న పోయినప్పుడు కూడా నేను చూడలేదు. తర్వాత ముక్కు చీదుకుని, "నిజమే సెప్పింది నా బిడ్డ. అబద్ధం సెప్పింటే నాకు తెలిసిపోతుండె" అంది. ఆ మాట కూడా కొట్టమంది. ఆ తర్వాతి ఆదివారమే అక్క ఎమ్మిగనూరు నుంచి వచ్చింది. అమ్మా ఆమే పెరట్లో పక్కపక్కన కూర్చుని పొద్దుగూకే దాకా వడియాలు పెట్టారు. ఒకరు మాట్లాడుతూ, ఒకరు వినకుండానే తలాడిస్తూ. వాళ్లకు ఆ పూట నాతో పని పడలేదు. నేను వాకిట్లో కూర్చుని ఏదో హార్డ్ డిస్కు విప్పుకుంటూ ఉండిపోయాను.

అమ్మ కొన్నేళ్ల తర్వాత పోయింది. ఆ తర్వాత కూడా అక్కా నేనూ సాయంత్రాలు కొన్నాళ్లు మాట్లాడుకున్నాం, కానీ అమ్మ లేని తీగలో మాకు మాటలు తక్కువయ్యాయి. ఇంతలో సెల్‌ఫోన్లు వచ్చాయి, మెసేజీలు వచ్చాయి, అందరూ అందరికీ రాయడం మొదలుపెట్టారు. చెవులున్నవాళ్లు కూడా మాట్లాడడం మాని రాసుకునే కాలం వచ్చింది. అక్కకు అది పండగ. ఆమెతో చదువుకున్న ఆడవాళ్లు, అత్తింటి ఆడపడుచులు, ఎక్కడెక్కడో ఉన్న వినబడని మనుషులు, అందరూ ఆమె ఫోనులోకి వచ్చి చేరారు. ఇప్పుడు ఎమ్మిగనూరు పోతే, ఆమె నాకు కాఫీ ఇచ్చి, ఫోను చూసుకుంటూ, ఉండు ఉండు, ఒక్క నిమిషం అని చేయి చూపిస్తుంది. ఎవరికో వంట చెబుతుంది, ఎవరినో ఓదారుస్తుంది. ఆమె ముఖంలో ఆ కళ చూస్తే నాకు నిండుగా ఉంటుంది. నేను కోరుకున్నది అదే. కాకపోతే ఆ నిండుదనం బస్సు దిగి ఇంటి తాళం తీసే వరకే ఉంటుంది.

ఇప్పటికీ నా బల్ల మీద సామాను తక్కువేం లేదు. అరచేతిలో పట్టే కంప్యూటర్లు, గోడకు తగిలించిన పెద్ద తెర, ఏది అడిగినా జవాబు చెప్పే ప్రోగ్రాములు, అన్నీ ఉన్నాయి. ఏవీ మొరాయించవు, రబ్బరుతో రుద్దించుకునేవి అసలే లేవు. ఇద్దరి మాటలు చేరవేస్తూ బతికిన నాకు నా సొంత మాట ఒకటి ఉంటుందని అప్పుడు తోచలేదు. ఇప్పుడు సాయంత్రం పూట ఎప్పుడైనా అక్కకు ఏదో చెప్పాలనిపించి ఫోను తీస్తాను. రాస్తాను, తుడిపేస్తాను, మళ్లీ రాస్తాను. చివరికి తిన్యావా అక్కా అని మాత్రం పంపిస్తాను. క్షణంలో జవాబు వస్తుంది, తిన్యా, నువ్వు తిన్యావా అని. అప్పటికి నేను పొయ్యి కూడా వెలిగించి ఉండను. అయినా తిన్యా అనే రాస్తాను.