గోడ మీద చాక్‌పీసు నంబరు

మా కారు మేస్త్రిగారు పోయారు. మంగళవారం పొద్దున క్లాసుకి తయారవుతుంటే తెలియని నంబరు నుంచి ఫోన్ వచ్చింది. "మేడమ్, నేను ఉస్తాద్ తమ్ముణ్ణి మాట్లాడుతున్న. అన్న నిన్న పొద్దుమీకి పోయిండు. గుండెనొప్పి. దవాఖానకు తోల్కపోయేలోపే అయిపోయింది. మీ నంబరు గోడ మీద ఉన్నది, గందుకే చేస్తున్న."

నా నంబరు ఇంకా ఉందా! మనిషి పోయాడన్న మాట కంటే ముందు ఆ గోడ మాటే నాకు తగిలింది. సిగ్గుచేటైనా నిజం అదే.

ఆ గోడ సంగతి మీకు చెప్పాలి. అమీర్‌పేటలో మెట్రో స్తంభాల వెనక సందులో ఆయన షెడ్డు. సందులో అందరూ ఉస్తాద్ అనేవారు, నేను మాత్రం మా గోదావరి అలవాటు కొద్దీ మేస్త్రిగారూ అనేదాన్ని. బాగుచేయించుకోడానికి ఏ బండి వచ్చినా దాని యజమాని ఫోన్ నంబరు లోపలి గోడ మీద చాక్‌పీసుతో రాసేవారు. బండి ఇచ్చేసినా నంబరు చెరిపేవారు కాదు. యజమాని పదిరోజులు నడుపుకుని, మళ్లీ వచ్చి, తడిగుడ్డతో తన చేత్తో తనే తుడవాలి. "బాగైందని నేనంటే ఏమున్నది మేడమ్, మీరనాలె" అనేవారు. కొందరు నవ్వి తుడిచేవాళ్లు, కొందరు ఇదేం గోలండీ అని విసుక్కుంటూ తుడిచేవాళ్లు. తుడవకుండా మాత్రం ఎవర్నీ వదిలేవారు కాదు.

నేను మైత్రీవనంలో ఒక కోచింగ్ సెంటర్లో ప్రోగ్రామింగ్ చెప్తాను. చిన్నప్పుడు వచ్చిన పోలియో వల్ల రెండు కాళ్లలోనూ బలం లేదు, చంకకర్రల మీద నడుస్తాను. ఆరేళ్ల కిందట కారు కొన్నప్పుడు దాన్ని చేతులతో నడిపేలా మార్చింది ఆయనే. ఎడమచేతికి అందేలా ఒక కడ్డీ అమర్చారు. ముందుకు తోస్తే బ్రేకు. దాని పిడికే ఉన్న చిన్న మీటను వేళ్లతో నొక్కితే యాక్సిలరేటర్. అమర్చిన రోజు ఏం చేశారో తెలుసా? తన రెండు కాళ్లూ తువ్వాలుతో కలిపి కట్టేసుకుని సనత్‌నగర్ దాకా నడుపుకుంటూ వెళ్లొచ్చారు. "అదేంటండీ, కట్టుకోవడమెందుకు?" అంటే, "కాళ్లు ఊకుంటయా మేడమ్, పెడల్ కనవడంగనే ఉరుకుతయి. దొంగతనం చెయ్యకుంట కట్టేసిన" అన్నారు. నేను పడీపడీ నవ్వాను. పదిరోజుల తర్వాత నా నంబరు నేనే తుడిచాను.

ఆ కారు నాకేమిటో ఇంకొకళ్లకి చెప్పడం కష్టం. నేను నడుస్తుంటే చూడని మనిషి లేడు. జాలిగా కొందరు, వింతగా కొందరు. కారులో కూర్చుంటే మాత్రం నేనూ అందరిలాంటి డ్రైవర్నే. అందుకే పక్క సీట్లో ఎవర్నీ కూర్చోనిచ్చేదాన్ని కాదు. అమ్మ కూడా వెనక సీట్లోనే. "నేనేమైనా ఆఫీసర్నటే, వెనక కూర్చోబెడతావు?" అని ఆవిడ గొణిగేది.

పోయిన వానాకాలంలో డాష్‌బోర్డు మీద చెక్ ఇంజిన్ లైటు వెలిగింది. ఇంజిన్ బొమ్మతో పసుపు రంగు దీపం. మేస్త్రిగారు గోడ మీద నా నంబరు మళ్లీ రాసి, స్కానర్ తగిలించి చూస్తే, బ్రేకూ యాక్సిలరేటరూ ఒకేసారి నొక్కుతున్నట్టు వచ్చింది. దాన్ని చెరిపి పంపారు. నాలుగు రోజులకి మళ్లీ వెలిగింది. బ్రేకు స్విచ్ మార్చారు. వారం తిరక్కుండా మళ్లీ. వైరు మార్చారు, మళ్లీ అదే పాట. ఆయన ఒక్కోసారి ఒక్కటే మార్చేవారు. నాకు ఒళ్లు మండి "అన్నీ ఒకేసారి మార్చి పారేయండి" అంటే, "రెండు మందులు ఒక్కపారి మింగితే ఏది పనిజేసిందో ఎట్ల తెలుస్తది?" అన్నారు.

"స్కానర్ ఏమైందో చెప్తది మేడమ్, ఎందుకైందో చెప్పది. అది మిమ్మల్నే అడగాలె. లైటు పొద్దుగాల వస్తదా, పొద్దుమీకి వస్తదా?"

"ఎప్పుడు పడితే అప్పుడేనండీ."

అబద్ధం. అది ఎప్పుడూ సాయంత్రమే వెలిగేది. రోజంతా చంకకర్రల మీద బోర్డు దగ్గర నిలబడి, ఇంటికి శ్రీనగర్ కాలనీ వైపు వెళ్తూ, పంజాగుట్ట ట్రాఫిక్‌లో పాకుతున్నప్పుడే వెలిగేది. సాయంత్రం అని ఆయనకి చెప్తే, సాయంత్రానికి మీకేమవుతుందని అడుగుతారు. అలిసిపోతానని చెప్పాలి. అలసట అనే మాట నేను ఎవరి దగ్గరా ఎత్తను. అమ్మ దగ్గర కూడా ఎత్తను. ఇంకా వినండి. ప్రోగ్రాం సరిగ్గా ఏ క్షణాన ఆగిపోతోందో చెప్పకపోతే తప్పు ఏ దేవుడూ పట్టుకోలేడని రోజూ పిల్లల్ని తిట్టేది నేనే.

ఆయన నా మాట నమ్మారు. కాళ్లు కట్టేసుకుని నాలుగు రోజులు పొద్దుటిపూట తనే నడిపి చూశారు. లైటు వెలగలేదు. అయిదో రోజు, షెడ్డులో ఇంకో ఇద్దరు ముగ్గురు టీ తాగుతుండగా, మెల్లగా అన్నారు. "నేను నడిపితే వస్తలేదు మేడమ్. మీరు నడపుండ్రి, నేను పక్కన కూసుంట. పది నిమిషాలు చాలు."

నా నోరు మంచిది కాదు. "అంటే తప్పు నా డ్రైవింగ్‌దంటారా? మీరు బిగించిన కడ్డీలోనే ఏదో లోపముంది. చేతకాకపోతే చేతకాదని చెప్పండి, నా మీదికి నెట్టకండి" అన్నాను. టీ తాగేవాళ్లు గ్లాసులు కింద పెట్టారు. ఆయన చేతులకి మసి లేకపోయినా పాతగుడ్డతో చాలాసేపు తుడుచుకున్నారు.

"సరే మేడమ్. జర మెల్లగ పోండ్రి" అన్నారు.

తర్వాత ఒక పెద్ద వర్క్‌షాప్‌కి వెళ్లాను. ఏవేవో మార్చారు, లైటు మళ్లీ వచ్చింది. చివరికి దాని మీద నల్ల టేపు ముక్క అంటించాను. ఎనిమిది నెలలు అలాగే నడిపాను. ఆ సందు ముందు నుంచి వెళ్లాల్సి వస్తుందని రోజూ చుట్టు తిరిగి వెళ్లేదాన్ని. వెళ్లి ఒక్క మాట అనేస్తే పోయేది. రేపు వెళ్దాం, పండగ తర్వాత వెళ్దాం అనుకుంటూనే గడిచిపోయింది.

పదకొండో రోజు అయ్యాక తమ్ముడు షెడ్డు తెరిచాడని తెలిసి వెళ్లాను. గోడ మీద వరసగా నంబర్లు. అన్నిటికంటే పైన, కాస్త మాసిపోయి, నాది. ఏడంకెకి నడుం మీద అడ్డగీత పెట్టడం ఆయన అలవాటు. నా నంబర్లో మూడు ఏడులున్నాయి.

నేనేం మాట్లాడకముందే తమ్ముడు అలమారలోంచి ఒక చిన్న సంచి తీశాడు. అందులో ఒక పాత రబ్బరు ముక్క, రెగ్జిన్ చుట్టిన స్పాంజి దిండు, దానికి ఇనప పట్టీ. మోచెయ్యి ఆనించుకునే దిండు.

"అన్న మీకోసం చేసి పెట్టిండు మేడమ్. నిరుడు మీ కడ్డీ పిడికి కొత్త రబ్బరు వేసిండు గద, ఆ పాత రబ్బరు ముంగట పెట్టుకొని కూసుండేటోడు. గిటు చూడుండ్రి, వెనక, మీ అరచెయ్యి ఆనే దిక్కే అరిగింది. మేడమ్ చెయ్యి అలిసి బరువంత దీని మీద పడుతున్నట్టున్నది, స్పీడు పెంచుకుంట పెంచుకుంటనే బ్రేకు రవ్వంత నొక్కుకపోతున్నది అన్నడు."

"మరి నాకు ఫోన్ చెయ్యలేదేంటండీ?"

"నేను సుత చెయ్యమన్న. అన్న వినలె. మేడమ్‌కు అలిసిపోతున్నరని ఫోన్ల ఎట్ల చెప్తం రా, చిన్నబోతది. వచ్చిననాడు ఏమనకుంట బిగిస్త, అన్నడు. ఎట్లయినా వస్తది, నంబరు ఉన్నది గద, అన్నడు."

ఒక చంకకర్ర జారి కింద పడింది, ఆ చేత్తో అలమార పట్టుకున్నాను. తమ్ముడు తీసి ఇస్తుంటే కళ్లు తుడుచుకోవడానికి కూడా నాకు చెయ్యి ఖాళీ లేదు. నేను ఎవరికీ తెలియకూడదనుకున్న సంగతి ఆయన ఒక రబ్బరు ముక్కలో చదివేశారు. చదివి, నా పరువు కోసం నోరు మూసుకున్నారు. ఆయన పరువు నలుగురిలో తీసింది నేను.

పావుగంటలో దిండు బిగించాడు. "ఓ పది నిమిషాలు పక్కన కూర్చుంటారా?" అని అడిగాను. ఆరేళ్లలో మొదటిసారి నా పక్క సీట్లో ఒక మనిషి కూర్చున్నాడు. సాయంత్రపు రద్దీలో పంజాగుట్ట దాకా వెళ్లొచ్చాం. అతను నన్ను చూడలేదు, డాష్‌బోర్డు చూశాడు. అన్నగారూ అంతే చేసేవారు కదా అని అప్పుడు తోచింది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే.

టేపు పీకేశాను. మూడు వారాలైంది, ఏ సాయంత్రమూ లైటు వెలగలేదు.

నిన్న షెడ్డుకి వెళ్లాను. తమ్ముడు నన్ను చూడగానే బకెట్లో గుడ్డ ముంచి, పిండి, చేతికిచ్చాడు. "బాగైంది గద మేడమ్? తుడిచెయ్యుండ్రి."

గోడ దగ్గరికి వెళ్లి నిలబడ్డాను. మేస్త్రిగారు రాసిన మిగతావన్నీ ఎవరివి వాళ్లు తుడిచేశారు, దిగువన ఇప్పుడున్న నంబర్లన్నీ తమ్ముడి రాత. అడ్డగీతల ఏడులు ఇప్పుడు నా నంబర్లోనే ఉన్నాయి. గుడ్డలోంచి నీళ్లు కారి నా చెప్పు మీద పడుతున్నాయి.

"ఇంకా నమ్మకం కుదరలేదండీ" అన్నాను. ఆ గోడ దగ్గర ఇది నా రెండో అబద్ధం. "మళ్లీ వెలుగుతుందేమో. ఉండనివ్వండి."

అతను నా మొహం కేసి, తర్వాత గోడ కేసి చూశాడు. గుడ్డ తీసుకుని మేకుకి తగిలించాడు.