డిక్కీ మీద నొక్కు

మేస్త్రి పోయాడని ఆయన తమ్ముడు ఫోన్ చేసినప్పుడు నేను కొట్లో మిడుతూరు రైతు ఒకాయనతో విత్తనాల బేరంలో ఉన్నాను. "అన్న పాయనప్పా. పొద్దున నమాజుకు లేసినాడు, మళ్ళా పండుకున్నాడు. అంతే" అన్నాడు. ఫోన్ పెట్టేసి ఆ రైతుకు జొన్న విత్తనాల బదులు సజ్జలు తూచి పోశాను. ఆయన నోటికొచ్చినట్టు తిట్టాడు. ఆ పూట ఎవరైనా తిడితే బాగుండునని నాకూ అనిపించింది.

నంద్యాలలో బండ్ల సొట్టలు తీసే మేస్త్రీలు చాలామందే ఉన్నారు. మా వీధిలో మాత్రం ఊరికే మేస్త్రి అంటే ఆయనొక్కడే. ఆయన గురించి రాయాలంటే ఒక కారు గురించి రాయాలి. ఆ కారు గురించి రాయాలంటే ఇన్నేళ్ళుగా నేను దాచుకున్న తప్పును బయటపెట్టాలి. అందుకే ఆయన పోయిన వారానికి గానీ కలం కదల్లేదు.

తొంభైల నడుమ విత్తనాల పని మీద ఆళ్లగడ్డలో ఒక రైతు ఇంటికి వెళ్ళాను. పశువుల కొట్టంలో పొద్దుతిరుగుడు సంచుల కింద ఒక కారు కనిపించింది. రెండే సీట్లు, పొడుగు ముక్కు, మడిచిపెట్టే గుడ్డ టాపు. పందేల కోసం పుట్టిన విలాయతి బండి ఎద్దుల పక్కన దుమ్ము కొట్టుకుని పడి ఉంది. ఆ ఇంటి ఒక్క కొడుకు మద్రాసులో చదివేటప్పుడు ఎవరి దగ్గరో పాతది కొని తోలుకొచ్చాడట. రెండేళ్ళు తిరిగాడు. తర్వాత కామెర్లు వచ్చి పోయాడు. తొమ్మిదేళ్ళుగా కారు కదల్లేదు. తండ్రి పాత ఇనుము ధరే చెప్పి, "కండ్లకు కనపడకుండా తీసకపో" అన్నాడు. తల్లి గడప లోపల నిలబడింది. ఆమె ఏమైనా అంటుందేమోనన్న భయంతో నేను గబగబా తాడు కట్టించాను.

నాకు కార్ల పిచ్చి. మా ఆవిడ లెక్కలో పిచ్చి ముందు నుంచీ ఉంది, కారు తర్వాత దొరికింది. ట్రాక్టరుతో ఈడ్చుకొచ్చి మేస్త్రి షెడ్డు ముందు నిలబెడితే ఆయన చుట్టూ రెండుసార్లు తిరిగాడు. "ఏందప్పా ఇది, పెండ్లికొడుకును స్మశానం నుంచి లేపుకొచ్చినావే" అన్నాడు. అప్పుడు ఇద్దరం నవ్వుకున్నాం.

ఇంజను వేరే మెకానిక్ చూశాడు. దొరకని సామాను కోసం జీపుల సామాను అరగదీసి అమర్చాడు. బండి ఒంటి పనంతా మేస్త్రిదే. తుప్పు తిన్న అడుగు భాగాన్ని కోసేసి డ్రమ్ము రేకుతో అతికాడు. పాత రంగు మొత్తం గీకించాడు. మిగతా షెడ్లలో సొట్ట మీద ఇంత మందాన లప్పం పూసి రంగు కొట్టేసేవారు. ఈయనకు అది గిట్టదు. "లప్పం గోడలకప్పా, బండ్లకు గాదు" అనేవాడు. తడి మల్లు గుడ్డ చేతికి చుట్టుకుని, కళ్ళు మూసుకుని రేకంతా నిమిరేవాడు. ఎక్కడ ఎత్తు, ఎక్కడ పల్లం అరచేతికే తెలియాలి. ఆ తర్వాత వెనకనుంచి ఇనుప దిమ్మె ఆనించి, పైనుంచి చిన్న సుత్తితో మెల్లగా తట్టేవాడు. "రేకును కొట్టగూడదు, బతిమాలాల" అనేది ఆయన మాట. నాలుగు నెలలు బతిమాలాడు.

ఒకరోజు సాయంత్రం డిక్కీ మూత మీద ఆయన చేయి ఆగిపోయింది. కళ్ళు తెరవకుండానే నన్ను పిలిచాడు.

"ఇది తగిలిన సొట్ట గాదప్పా. గీకేటప్పుడు చూసినా, ఈడ రంగు యాడా పగల్లేదు. ఎవురో దినామూ ఈడ కూచున్నారు. కూచోని కూచోని దిగింది."

"అయితే?"

"ఉంచుదామా?"

నాకు నవ్వొచ్చింది. "తీసేయ్ మేస్త్రీ. ఇంత చేసి, సొట్టతో తిరగమంటావా?" అన్నాను. ఆయన ఇంకోసారి అడగబోయి ఆగాడు. మర్నాటికి ఆ చోటు నున్నగా అయింది.

కారు తయారైంది. ముదురు ఎరుపు. చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించాం, మేస్త్రి చక్కెర మీద ఫాతేహా చదివి అందరికీ పంచాడు. ఇక నా గొప్ప ఊరుకుంటుందా? కారును ఆళ్లగడ్డ తీసుకెళ్ళి వాళ్ళకు చూపించాలన్నాను. మేస్త్రిని పక్కన కూర్చోబెట్టుకుని తోలుకుంటూ పోయాను.

తండ్రి కారును చూసి చేనికి వెళ్ళిపోయాడు. తల్లి బయటికి వచ్చింది. రంగు చూడలేదు, సీట్లు చూడలేదు. నేరుగా వెనక్కి పోయి డిక్కీ మీద అరచెయ్యి పెట్టింది. ఒకసారి నిమిరింది. చెయ్యి జరిపి మళ్ళీ నిమిరింది. రెండో చెయ్యి కూడా పెట్టింది.

"ఈడ నొక్కు ఉండాల గదా" అంది. "చేను కాడి నుంచి వచ్చి ఈడ కూచోని షూలు ఇప్పుతాండె. దిగురా, రేకు పోతాదిరా అని నేను తిడ్తాంటి. దినామూ కొట్టంలోకి పోయి చెయ్యి పెట్టుకుంటాంటి. యాడికి పోయిందిప్పుడు?"

నేను చెప్పవలసింది ఆ క్షణంలోనే. కారు తాళాలు వెతుకుతున్నట్టు జేబులు తడుముకున్నాను. మేస్త్రి టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు.

"నా చేతి తప్పమ్మా. తెల్సి కూడా తీసేసినా. మాఫ్ చేయండి."

ఆయన నా వైపు చూడనైనా లేదు. ఆమె కొంగుతో డిక్కీ తుడిచి లోపలికి వెళ్ళింది.

తిరుగుదారిలో సగం దూరం వచ్చాక అడిగాను, నా పేరు ఎందుకు చెప్పలేదని.

"సుత్తి నా చేతిలో ఉండె గదప్పా" అన్నాడు. "నువ్వు ఒగసారే తీసేయమన్నావు. నేను వెయ్యిసార్లు తట్టినా."

అప్పటినుంచి ఆయన మారిపోయాడు. ఆటో వచ్చినా, అంబాసిడర్ వచ్చినా ముందు అడిగేవాడు. "ఈ సొట్ట ఎట్లయింది? ఎవురు చేసింది? తీయాల్నా?" జనం నవ్వేవారు. కొందరు విసుక్కుని వేరే షెడ్డుకు పోయేవారు. నా కారు వస్తే ముందు వైపు నిలబడే మాట్లాడేవాడు, వెనక్కి పోయేవాడు కాదు. నా సంగతి చెప్పాలా? తోలేటప్పుడు అద్దంలో చూస్తే డిక్కీ ఖాళీగానే ఉండేది. అయినా వెనక ఎవరో కూర్చున్నట్టు బరువు తెలిసేది. క్రమంగా కారు తీయడం తగ్గించాను. ఆళ్లగడ్డ మీదుగా పోవలసిన పనులకు చుట్టుదారిన పోయేవాణ్ణి.

ఒకసారి ఆయనే కబురు చేశాడు, కారు తీసుకురమ్మని. ఆ నొక్కు మళ్ళీ పెడతానన్నాడు. చెక్క సుత్తి పట్టుకుని డిక్కీ ముందు చాలాసేపు నిలబడ్డాడు. చివరికి సుత్తి కింద పెట్టేశాడు. "కొడ్తే కొట్టినట్టే ఉంటాదప్పా. మనిషి కూచున్నట్టు ఉండదు" అన్నాడు. ఆ ఆలోచన అక్కడితో మానుకున్నాడనుకున్నాను.

మట్టి ఇచ్చిన మర్నాడు షెడ్డుకు వెళ్ళాను. ఆయన తమ్ముడు వెనక పెరట్లోకి తీసుకుపోయాడు. గోడ పొడవునా నేల మీద పాత డిక్కీ మూతలు, కోసిన రేకు ముక్కలు పరిచి ఉన్నాయి. ముప్ఫై దాకా ఉంటాయి. ప్రతిదాని నడుమా ఒక నొక్కు.

"పని లేనప్పుడు వాటి మీద కూచుంటాండె" అన్నాడు తమ్ముడు. "ఏళ్ళ నుంచి ఇదే పని. ఏందన్నా ఇది అంటే చెప్పల్యా. నీకేమన్నా తెల్సా?"

తెలుసు. అక్కడే రేకుల మధ్య కూలబడి ఏడ్చాను.

ఆ మర్నాడే ఆళ్లగడ్డ వెళ్ళాను. ఆమె భర్త పోయి రెండేళ్ళయిందట. మేస్త్రి పోయాడని, రేకుల సంగతి ఇట్లా అని చెప్పాను. ఆమె తలుపుకు తాళం వేసింది. తర్వాత చెప్పులు తొడుక్కుని, "కారొద్దు, బస్సుకు పోదాం పా" అంది.

మేం షెడ్డు చేరకముందే వాన పడి వెలిసింది. ప్రతి నొక్కులోనూ దోసెడు నీళ్ళు నిలిచి ఉన్నాయి. ఆమె మొదటి రేకు పక్కన కూర్చుని నీళ్ళలో అరచెయ్యి ఆనించింది. కళ్ళు మూసుకుంది.

"ఇది గాదు" అంది.

పక్క రేకు దగ్గరికి జరిగింది. నేను ఆమె వెనక నిలబడి చెప్పాను. "అమ్మా, ఆ నొక్కు తీసేయమన్నది నేను. మేస్త్రి ఉంచుదామనే అన్నాడు."

ఆమె తల తిప్పలేదు. చెయ్యి నీళ్ళలో అట్లాగే ఉంది.

"ఇది కూడా గాదు" అంది. మోకాళ్ళు పట్టుకుని లేచి, తడి చెయ్యి తుడుచుకోకుండా, మూడో రేకు దగ్గర కూర్చుంది.