బందునాటి ట్యాంకులు, మఫ్టీ మనిషి

తెలంగాణ ఉద్యమం నడుస్తున్న ఆ రోజుల్లో సిద్దిపేటలో కొత్త మనిషిని చూసి పలకరింపుగా నవ్వడం మానేశాం. వారంలో సగం రోజులు బంద్, మిగతా సగం ఏ క్షణాన బంద్ అవుతుందో తెలియదు. తెలియని మనిషెవరైనా చాయ్ హోటల్లో ఒంటరిగా కూర్చుంటే చాలు, "మఫ్టీల వచ్చిండు" అని గుసగుసలు మొదలయ్యేవి. (మామూలు బట్టల్లో తిరిగే పోలీసు అన్నమాట. పాపం, పురుగుమందులు అమ్ముకోవడానికి వచ్చిన ఒకాయన మా ఊళ్లో ఎవరూ మాట్లాడక దిగులుపడి వెళ్లిపోయాడని చెప్పుకునేవారు.) మా బాపు రోజూ పొద్దున్నే రిలే నిరాహారదీక్ష టెంటుకు వెళ్లి కూర్చునేవాడు. ప్రైవేటు బడిలో కంప్యూటర్ సారునైన నేను, బడి మూతపడడంతో ఖాళీగా తిరిగేవాణ్ని. అప్పుడే మా చిన్నాయన హుస్నాబాద్ నుంచి ఒక సంబంధం తెచ్చాడు. ఫోటో చూడగానే ఆ పిల్ల నాకు నచ్చేసింది. ఎంత నచ్చిందంటే, బందు రోజున కూడా గడ్డం గీసుకునేవాణ్ని. "మాట ఖాయమయ్యేదాంక ఏ కేసుల ఇరుక్కోకు బిడ్డా. ఠాణా ఎక్కిన పోరనికి పిల్లనెవ్వలియ్యరు" అని చిన్నాయన గట్టిగా చెప్పి పోయాడు.

కేసులకు దూరంగా ఉండాలని నేను ఎంచుకున్న చోటు నెట్ సెంటర్. దాని ఓనర్‌ను ఊరంతా భాయ్ అనే పిలిచేది. బందు రోజుల్లో భాయ్ షట్టర్ సగం దించి, నన్ను లోపలికి దూర్చేవాడు. ఇద్దరం చెరో కంప్యూటర్ ముందు కూర్చుని ట్యాంకుల యుద్ధం ఆడేవాళ్లం. ఆన్‌లైన్ ఆట, ఎక్కడెక్కడి దేశాల వాళ్లో వచ్చి మాతో కొట్లాడేవారు. పైగా ఆట ఫుకట్, పైసా కట్టక్కర్లేదు. ఈ సంగతి చెబితే మా బాపు నమ్మలేదు. "ట్యాంకు ఫుకట్, గోలీలు ఫుకట్... మరి గా కంపినోడు ఏం తిని బతుకుతున్నడ్రా? గిండ్ల ఏదో మతలబున్నది" అని నా మొహంలోకి అనుమానంగా చూశాడు. చెవులకు హెడ్‌ఫోన్ పెట్టుకుంటే మన గొంతు ఎంత లేస్తుందో మనకు తెలియదు. "భాయ్, గుట్ట ఎనుకకెళ్లి రా! వంతెన కాడ ఉన్నది, కాలబెట్టు!" అని నేనరిస్తే, "ఒకటి ఖతం మియా! ఇంకోదాన్ని నువ్వు చూస్కో!" అని ఆయన కేకేసేవాడు.

ఒకరోజు అలా అరిచి హెడ్‌ఫోన్ తీసేసరికి మూల కుర్చీలో ఒక మనిషి కూర్చుని ఉన్నాడు. బలమైన మీసం, ఇస్త్రీ చొక్కా. రైలు టికెట్ చూసుకోవాలన్నాడట, మౌస్ మీద చెయ్యి మాత్రం వెయ్యలేదు. నన్నే చూస్తున్నాడు. మర్నాడూ వచ్చాడు. ఈసారి నా పక్కకే జరిగి మెల్లగా మొదలుపెట్టాడు. "ఇల్లేడ సారు? సొంతదా, కిరాయా? ఎందరన్నదమ్ములు? మందు గిందు తాగుతరా?" భాయ్ నా చెవిలో, "పక్కా మఫ్టీ మియా. మనం కాలబెట్టుడు, పేల్చుడు అన్నదంతా ఇన్నడు" అన్నాడు. కళ్ల ముందు ఠాణా కనిపించింది, దాని వెనకే హుస్నాబాద్ సంబంధం గాలికి కొట్టుకుపోతూ కనిపించింది.

ఆ తర్వాత ఆయన వచ్చేసరికి ఆట కట్టేసి, చేతులు కట్టుకుని, బుద్ధిమంతుడిలా సిద్ధంగా ఉన్నాను. "మరి ఉద్యమం సంగతేందంటరు సారు?" అని ఆయన కన్నార్పకుండా అడిగాడు. ఉచ్చు వేస్తున్నాడని నాకు అర్థమైపోయింది (నా తెలివికి నేనే మురిసిపోయాను). "మనకెందుకు సార్ గీ లొల్లి? రాష్ట్రం వస్తే ఏంది, రాకుంటే ఏంది? మన బతుకు మనం బతుకాలె" అన్నాను. భాయ్ ఇంకాస్త సాయం చేశాడు. "అవ్ సార్, ఈయన చానా షరీఫ్ ఆద్మీ, మంచోడు. టెంటు దిక్కు గూడ చూడడు." ఆ మనిషి మొహం ఎర్రబడింది. విసురుగా లేచి పోయాడు. గండం గడిచిందని మేమిద్దరం చాయ్ తాగాం.

సాయంత్రం చిన్నాయన ఇంటికొచ్చి తువ్వాల నేలకేసి కొట్టాడు. "గాయిన పిల్ల మేనమామరా! నీ గుణం అరుసుకుందామని చెప్పకుంట వచ్చిండు. మొదలు నువ్వు కాలబెట్టు అని కేకలేస్తుంటే, పోరడు మా అసొంటోడే, తెగించేటోడే అని మస్తు మురిసిండు. ఆయనది హుస్నాబాద్ టెంట్ల మొదటి కుర్సీ! గసొంటి మనిషి ముంగట రాకుంటే ఏంది అంటవా?" బాపు మాత్రం కోపగించుకోలేదు. "నిజంగనే అన్నవా బిడ్డా?" అని ఒక్కసారి అడిగాడు. ఆ అడగడం తిట్టుకన్నా ఎక్కువ బాధ పెట్టింది.

మర్నాడు భాయ్ బండి తీసుకుని హుస్నాబాద్ పోయి, అక్కడి టెంటులో దీక్షకు కూర్చున్నాను. మధ్యాహ్నం దాకా కూర్చున్నది పిల్ల కోసమే, దాచేదేముంది. పక్కన కూర్చున్న ముసలాయనకు ఇద్దరు కొడుకులు, ఇద్దరూ బొంబాయి దగ్గరి భివండిలో మగ్గాల పనికి పోయారు. "ఈడ పని దొరికితే వస్తరు బిడ్డా, అందుకే కూసున్న" అన్నాడు. ఆ మాటతో ఏమైందో తెలియదు, నేను నిటారుగా సర్దుకుని కూర్చున్నాను. నినాదం ఇస్తే అందరికన్నా గట్టిగా నేనే అందుకున్నాను. పిల్ల సంగతి నిజంగానే మరిచిపోయాను.

పొద్దుగూకే వేళ మేనమామ నిమ్మరసం గ్లాసులతో వచ్చి, ఒక్కొక్కరికీ తాగిస్తూ నా దగ్గర ఆగాడు. కిందికీ మీదికీ చూశాడు. గ్లాసు వెనక్కి తీసుకుని, నలుగురూ వినేలా అడిగాడు. "నిన్న వద్దన్నోనివి, ఇయ్యాల గీడ కూసున్నవ్. నిజం చెప్పు, ఎవలు పంపిన్రు నిన్ను? మఫ్టీనా?"

ముసలాయన నా పక్క నుంచి కొంచెం దూరం జరిగాడు. సంబంధం పోయింది, తర్వాత రాష్ట్రం వచ్చింది, నాకు వేరే చోట పెళ్లీ అయింది. కానీ ఆ సాయంత్రం గ్లాసు కోసం చాపిన చెయ్యి వెనక్కి తీసుకోలేక కూర్చున్న ఆ పోరణ్ని తలచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. వాడు ఆ పూట నిజంగానే తెలంగాణ కోసం కూర్చున్నాడని నాకొక్కడికే తెలుసు.